నేరేడు గింజల పొడి, షుగరు మాత్ర: రెండింటి లెక్క తెలుసుకుందాం



నేరేడు పండ్ల కాలం వచ్చింది. జూన్, జూలై నెలల్లో కోలారు, చింతామణి, శిడ్లఘట్ట రోడ్ల పక్కన, అటు హోసూరు, క్రిష్ణగిరి సంతల్లో బుట్టలు బుట్టలుగా పెట్టుకొని అమ్ముతా ఉంటారు. పండుతో బాటే ప్రతి సంవత్సరం ఒక సందేశం కూడా ఫోన్లలో తిరుగుతా ఉంటుంది. "నేరేడు గింజల పొడి తినండి, షుగరు మాత్రలు పారేయండి" అని. ఇది నిజమా, కాదా అని మన గుంపులో కూడా అడుగుతున్నారు. ఒక్క మాటలో అవునని చెప్పలేం, కాదని కొట్టిపారేయలేం. అందుకే ఈసారి పాఠం పురుగుల గురించి కాదు, పురుగులు మేపే మన ఒంటి గురించి.

ముందే చెప్పేస్తా. నేరేడు గింజ మంచి తోడు. కానీ అది మాత్రకు తోడు, మాత్రకు బదులు కాదు. ఎందుకు కాదో, తోడుగా ఎట్లా వాడాలో, పంట రోజుల్లో ఎందుకు ఇంకా జాగ్రత్తగా ఉండాలో వరసగా చూద్దాం.

మన చెట్టు

నేరేడును కన్నడంలో నేరళె అంటారు, తమిళంలో నావల్, మరాఠీలో జాంభూళ్, ఒడియాలో జాముకోళి. సంస్కృతంలో జంబు. మన దేశానికి జంబూద్వీపం అని పేరు ఉంది గదా, ఆ జంబు ఇదే. మనం ఏ రాష్ట్రంలో స్థిరపడినా చెరువు గట్టున, దేవాలయం దగ్గర, తోట అంచున ఈ చెట్టు ఉండనే ఉంటుంది. పెద్ద పండు, ఎక్కువ కండ ఉండేది అల్లనేరేడు. చిన్న పండు, పెద్ద గింజ, ఎక్కువ వగరు ఉండేది చిట్టినేరేడు. తినడానికి అల్లనేరేడు బాగుంటుంది. గింజల కోసమైతే చిట్టినేరేడు కూడా పనికొస్తుంది, దాన్ని తక్కువ చేసి చూడాల్సిన పని లేదు.

షుగరు అంటే ఒంట్లో ఏం జరుగుతుంది

మనం తిన్న ముద్ద, అన్నం, చపాతి కడుపులో చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. ఆ చక్కెర కండల్లోకి పోయి శక్తిగా మారాలంటే ఇన్సులిన్ అనే రసం తలుపు తియ్యాలి. ఆ రసం చాలకపోయినా, ఉండీ పని చెయ్యకపోయినా చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. అదే షుగరు జబ్బు. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉందని భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళ అధ్యయనం 2023లో చెప్పింది. ఇంకో 13 కోట్ల మందికి పైగా జబ్బు గడప దగ్గర ఉన్నారు. ఒళ్ళొంచి పని చేసే రైతుకు షుగరు రాదు అనే మాట ఎప్పుడో పోయింది.

గుర్తు పెట్టుకోవాల్సిన అంకెలు ఇవి.

పొద్దున్నే పరగడుపున చూసినప్పుడు 126, లేదా అంతకు మించితే షుగరు ఉన్నట్టు. 100 నుంచి 125 మధ్య ఉంటే గడప దగ్గర ఉన్నట్టు.

మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలో 6.5, లేదా అంతకు మించితే షుగరు.

మందు వాడేవాళ్ళలో చాలామందికి పరగడుపున 80 నుంచి 130 లోపల, తిన్న రెండు గంటలకు 180 లోపల ఉంటే అదుపులో ఉన్నట్టు లెక్క. వయసు మీరినవాళ్ళకు డాక్టరు వేరే అంకె చెప్పొచ్చు. ఆయన చెప్పిందే మీ అంకె.

నేరేడులో ఏముంది

గింజలో జంబోలిన్ అనే పదార్థం, ఎల్లాజిక్ ఆమ్లం, ఎక్కువగా వగరు పదార్థాలు ఉంటాయి. మనం తిన్న పిండి చక్కెరగా మారడానికి కడుపులో కొన్ని ఎంజైములు పనిచేస్తాయి. గింజలోని పదార్థాలు ఆ ఎంజైముల పనిని నిదానం చేస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో చక్కెర తగ్గింది. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి. కొన్నింటిలో కొంత తగ్గుదల కనిపించింది. ఎంత తగ్గుతుంది అని అందరికీ ఒకే అంకె చెప్పేంత గట్టి లెక్క ఇంకా లేదు.

ఆయుర్వేదం వాళ్ళు ఈ గింజను ఎప్పటినుంచో వాడుతున్నారు. కేంద్ర ప్రభుత్వ ఆయుర్వేద పరిశోధన మండలి తయారుచేసిన ఆయుష్-82 అనే మందులో నేరేడు గింజ, మామిడి జీడి, కాకర గింజ, పొడపత్రి ఆకు, శిలాజిత్తు కలిసి ఉంటాయి. ఇన్సులిన్‌ను 1921లో కనుక్కొన్నారు. 1922 జనవరిలో మొదటిసారి ఒక పిల్లవాడికి ఇచ్చినారు. దానికి ముందు యూరప్‌లో కూడా నేరేడు గింజను షుగరుకు వాడినారు. ఇక్కడ ఒక్క మాట ఆలోచించండి. నేరేడు ఉండగా కూడా ఆ కాలంలో షుగరు వచ్చిన చిన్న పిల్లలు బతికేవాళ్ళు కాదు. ఇన్సులిన్ వచ్చినాకే బతికినారు. నేరేడు ఎంత దూరం తోడు వస్తుందో ఈ చరిత్రే చెప్తుంది.

ఇంకో సంగతి. నేరేడు ఆకుల టీ తాగితే షుగరు పోతుందని కొందరు అంటారు. బ్రెజిల్ దేశంలో కూడా ఇదే నమ్మకం ఉంది. అక్కడి డాక్టర్లు రోగులకు ఆకుల టీ ఇచ్చి, ఇంకో గుంపుకు షుగరు మాత్ర ఇచ్చి పోల్చినారు. మాత్ర వేసుకున్నవాళ్ళకు పరగడుపు చక్కెర తగ్గింది. ఆకుల టీ తాగినవాళ్ళకు తగ్గలేదు. ఈ ఫలితం 2006లో అచ్చయింది. కాబట్టి చెట్టు ఒకటే అయినా అన్ని భాగాలూ ఒకటే కాదు. ఆకులు కోసుకొచ్చి మరగబెట్టే శ్రమ వద్దు.

పండు ఎంత తినొచ్చు

నేరేడు పండు షుగరు వాళ్ళు ఎంతైనా తినొచ్చు అనేది తప్పు. 100 గ్రాముల పండులో సుమారు 14 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అది రక్తంలోకి నిదానంగా ఎక్కుతుంది కాబట్టి మామిడి, సపోటా కంటే మేలు. అంతేగాని అందులో తీపి లేనట్టు కాదు. పూటకు పది, పన్నెండు పండ్లు చాలు. అన్నం తిన్న వెంటనే కాకుండా మధ్యాహ్నం టీ పొద్దుకు తినండి. ఉప్పు అద్దుకొనే అలవాటు మనకు అందరికీ ఉంది. బీపీ కూడా ఉన్నవాళ్ళు ఆ ఉప్పు మానండి. రసం తీసి చక్కెర కలిపి సీసాల్లో అమ్మేది షుగరు వాళ్ళకు పనికిరాదు. సీసా మీద నేరేడు బొమ్మ ఉన్నంత మాత్రాన అది మందు కాదు.

గింజల పొడి చేసే పద్ధతి

1. రాలిన పండ్లు, కుళ్ళినవి, పుచ్చు ఉన్నవి వద్దు. బాగా మాగిన పండ్లు తీసుకోండి. మామిడి తోట పక్కన ఉన్న చెట్టయితే ఆ తోటకు మందు ఎప్పుడు కొట్టినారో అడగండి. మామిడికి కొట్టిన మందు గాలికి వచ్చి మన మల్బరీ మీద పడితే పురుగులు ఏమైతాయో మనకు తెలుసు. అదే గాలి నేరేడు మీదికి కూడా వీస్తుంది.

2. కండ తిన్నాక గింజలను రెండు మూడు నీళ్ళలో రుద్ది కడగండి. కండ అంటుకొని ఉంటే బూజు పడుతుంది.

3. శుభ్రమైన గుడ్డ మీద పరిచి నాలుగైదు రోజులు ఆరబెట్టండి. పైపొట్టు పెళుసుగా అయినాక ఒలిచేయండి. లోపల ఆకుపచ్చగా ఉండే పప్పే మనకు కావలసింది.

4. పప్పును రెండు మూడు ముక్కలు చేసి, విరిస్తే టక్కున విరిగేదాకా మళ్ళీ ఆరబెట్టండి. వానాకాలం కదా, తొందరపడి తడి ఉండగానే దంచితే సీసాలో బూజు వస్తుంది. బూజు వాసన వచ్చిన పొడిని జల్లించి వాడుకోవడం కాదు, పారేయాలి.

5. దంచి, పలుచని గుడ్డలో జల్లించి, తడిలేని గాజు సీసాలో గట్టిగా మూత పెట్టండి. సీసా మీద తేదీ రాయండి. కొంచెం కొంచెంగా దంచుకోవడం మేలు. ముక్కలుగా ఉంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది.

పట్టురైతులకు ప్రత్యేకంగా ఒక మాట. గింజలను పురుగుల షెడ్‌లో ఆరబెట్టకండి. చంద్రికల మీద, పురుగుల తట్టల మీద పరచకండి. షెడ్ వెచ్చగా ఉంటుంది, తట్టలు ఖాళీగా ఉన్నాయి అని చేస్తే మనం చల్లిన బ్లీచింగు, సున్నం, విజేత పొడి, ఫార్మలిన్ అన్నీ గింజకు అంటుకుంటాయి. అట్లాగే వీటిని కొలిచే చెంచా, వీటిని పోసిన డబ్బా వంటింటి పక్కకు రాకూడదు.

మోతాదు, ఎవరు వాడకూడదు

ఆయుర్వేద గ్రంథాల ప్రకారం గింజల పొడి రోజు మొత్తానికి 3 నుంచి 6 గ్రాములు. తలకొట్టిన చిన్న టీ చెంచా సుమారు 2, 3 గ్రాములు తూగుతుంది. మొదటి వారం రోజుకు అర చెంచాతో మొదలుపెట్టండి, అన్నానికి ముందు, నీళ్ళలో గానీ పలుచని మజ్జిగలో గానీ. ఒంటికి సరిపడితే పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా. అంతకు మించి వద్దు. ఎక్కువ తింటే ఎక్కువ తగ్గుతుంది అనే లెక్క ఇక్కడ పనిచెయ్యదు. వగరు ఎక్కువై మలబద్ధకం వస్తుంది. వేరే మాత్రలకూ దీనికీ మధ్య రెండు గంటలు ఎడం పెట్టండి. వగరు పదార్థాలు కొన్ని మందులను, ఇనుము మాత్రలను ఒంటికి పట్టనియ్యవు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు దీన్ని వాడకూడదు. కిడ్నీ, లివరు జబ్బు ఉన్నవాళ్ళు, ఇన్సులిన్ సూది వేసుకొనేవాళ్ళు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. ఆపరేషను ఉంటే రెండు వారాల ముందే ఆపి, ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

సంతలో పేరు, అడ్రసు లేని పొట్లాల్లో "షుగరు పొడి" అమ్ముతారు. రెండు రోజుల్లో షుగరు జరజరా దిగిందంటే సంతోషపడకండి, అనుమానపడండి. ఇట్లాంటి కొన్ని పొడుల్లో ఇంగ్లీషు మాత్రలనే దంచి కలిపినట్టు పరీక్షల్లో బయటపడింది. మీరు ఇంట్లో ఒక మాత్ర, పొట్లంలో తెలియకుండా ఇంకో మాత్ర వేసుకున్నట్టు అవుతుంది.

పంట పుస్తకం లాగా షుగరు పుస్తకం

మనం కొత్త మందు ఏదైనా వాడి చూసేటప్పుడు ఏం చేస్తాం? గుడ్ల జాతి, ఆకు, మందు మూడూ ఒకే పంటలో మార్చం. మారిస్తే కిలోలు పెరిగింది దేనివల్లో తెలియదు. ఒకటే మార్చి, మిగతావి అట్లే ఉంచి, పుస్తకంలో రాసుకుంటాం. ఒంటికి కూడా అదే పద్ధతి.

మొదటి రెండు వారాలు ఏమీ మార్చకండి. మాత్రలు, ముద్ద, నడక ఎప్పటిలాగే. వారానికి రెండు రోజులు పరగడుపున, రెండు రోజులు అన్నం తిన్న రెండు గంటలకు షుగరు చూసి రాసుకోండి. తరువాత నేరేడు పొడి మొదలుపెట్టండి, ఇంకేమీ మార్చకండి. మళ్ళీ అట్లాగే ఎనిమిది వారాలు రాయండి. అంకెల్లో తేడా ఉంటే పొడి మీకు పనిచేస్తున్నట్టు. తేడా లేకపోతే లేదని ఒప్పుకొని వదిలేయండి. మూడు నెలలకు హెచ్‌బిఎ1సి చేయించి, ఆ పుస్తకం, ఆ చీటీ రెండూ డాక్టరు ముందు పెట్టండి. మాత్ర తగ్గించాలా, అట్లే ఉంచాలా అనేది ఆయన చెప్పాలి. "ఏమైనా ఆయుర్వేదం వాడుతున్నారా?" అని డాక్టరు అడిగితే తిడతాడని భయపడి దాచకండి. ఆ సంగతి తెలియకపోతే ఆయన మోతాదు తప్పుతుంది.

ముద్ద సంగతి కూడా రాసుకోవాలి. రాగి మంచిదే, కానీ రెండు పెద్ద ముద్దలు తిని పైన ఒక చెంచా నేరేడు పొడి వేసుకుంటే పొడి ఏం చేస్తుంది? రాగి కూడా పిండే. ముద్ద సైజు తగ్గించి, బస్సారులో ఆకుకూర, మొలకలు, బేడలు పెంచండి. కొంత షుగరు అక్కడే దిగుతుంది.

పంట రోజుల్లో ముప్పు

మన పనికీ వేరే వాళ్ళ పనికీ తేడా ఇక్కడే ఉంది. నాలుగో జ్వరం లేచినాక, ఐదో దశలో ఆరు నుంచి ఎనిమిది రోజులు మనకు నిద్ర ఉండదు. పురుగు తన జీవితంలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్ళకు మించి ఈ రోజుల్లోనే తింటుంది. తెల్లవారుజామున కొమ్మలు కోత, మోత, మేత, రాత్రి పదకొండుకు మళ్ళీ మేత. ఈ రోజుల్లో మనం పురుగుకు మేత తప్పించం, మన మేత మాత్రం తప్పిస్తాం. మాత్ర వేసుకొని, పొడి తిని, టిఫిను తినకుండా తోటకు పోతాం. అప్పుడు షుగరు పెరగడం కాదు, పడిపోతుంది.

గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకు, ఇన్సులిన్ వేసుకొనేవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు తక్కువ. మీ మాత్ర పేరు ఏమిటో చీటీ చూసి తెలుసుకోండి.

గుర్తులు: చల్లని చెమట, చేతులు వణకడం, గుండె దడ, ఉన్నట్టుండి ఆకలి, కళ్ళు మసక, చిరాకు, మాట తడబడడం. ఎండకు, నిద్రలేమికి ఇట్లా ఉందిలే అనుకొని కొమ్మల మోపు ఎత్తుకుంటే అక్కడే పడిపోతారు.

చెయ్యాల్సింది: పని ఆపి కూర్చోండి. మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగండి. పదిహేను నిమిషాలు ఆగి షుగరు చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మళ్ళీ అంతే తాగండి. బాగైనాక ఏదైనా తినండి. మిషను లేకపోతే అంకె కోసం ఆగకండి, గుర్తులు కనిపిస్తే చక్కెర తాగండి. మనిషికి తెలివి లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. షెడ్ గోడకు ఒక డబ్బాలో చక్కెర, ఒక సీసాలో నీళ్ళు తగిలించి పెట్టండి. ఆ డబ్బా మీద పెద్ద అక్షరాలతో "చక్కెర" అని రాయండి. పక్కన సున్నం డబ్బా ఉంటుంది కాబట్టి చెప్తున్నా. ఇంట్లో మీకు షుగరు ఉన్న సంగతి కూలీలకు కూడా తెలిసి ఉండాలి.

ఐదో దశలో ఉండే ఆ వారం నేరేడు పొడి ఆపేయడమే మేలని నా సలహా. పూట తప్పకుండా తినగలను అనే నమ్మకం ఉంటేనే కొనసాగించండి. మాత్ర మాత్రం ఆపకండి. మాత్ర వేసుకున్న పూట తిండి ఆపకండి.

కాళ్ళ సంగతి. షుగరు పాతదైనవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. మల్బరీ కొయ్యకాలు గుచ్చుకున్నా తెలియదు. మనమేమో రోగం రాకూడదని చెప్పులు బయట విడిచి, బ్లీచింగు నీళ్ళలో కాళ్ళు ముంచి, సున్నం చల్లిన నేల మీద వట్టి కాళ్ళతో తిరుగుతాం. సున్నం, బ్లీచింగు చర్మాన్ని ఎండబెట్టి పగుళ్ళు తెస్తాయి, ఆ పగుళ్ళలోనుంచి పుండు మొదలవుతుంది. దీనికి దారి ఉంది. షెడ్ లోపలికి మాత్రమే ఒక జత రబ్బరు చెప్పులు పెట్టుకోండి. అవి బయటికి రాకూడదు, బయటివి లోపలికి పోకూడదు. ముంచేది ఆ చెప్పులనే. పురుగుకూ మేలు, కాలికీ మేలు. రాత్రి పడుకొనే ముందు కాళ్ళు కడిగి, వేళ్ళ మధ్య తడి తుడిచి, అరికాలు అద్దంలో గానీ ఇంట్లోవాళ్ళతో గానీ చూపించుకోండి. తరువాత వేళ్ళ మధ్య వదిలి, మిగతా పాదానికి కొబ్బరినూనె రాయండి.

మా పక్క ఊర్లో ఒక రైతు, నాకంటే పెద్దాయన, ఫోన్లో సందేశం చూసి మాత్రలు మానేసి పొడి ఒక్కటే నమ్ముకున్నాడు. మూడు నెలలు ఒంటికి ఏమీ తెలియలేదు. షుగరు పెరిగినప్పుడు నొప్పి ఉండదు గదా. నాలుగో నెలలో కొయ్యకాలు గుచ్చుకొన్న పుండు మానలేదు. ఆసుపత్రిలో చూస్తే షుగరు 400 దాటి ఉంది. చివరికి రెండు వేళ్ళు తీసేసినారు. ఆ సంవత్సరం ఆయన రెండు పంటలు మేపలేకపోయినాడు. నేరేడు ఆయనకు చెరుపు చెయ్యలేదు. మాత్ర మానడం చేసింది.

మల్బరీ ఆకు మాటేమిటి

"మన తోటలోనే మందు ఉంది గదా" అని చాలామంది అడుగుతారు. నిజమే. మల్బరీలో డిఎన్‌జె అనే పదార్థం ఉంది. జపాన్ వాళ్ళు 1976లో మల్బరీ వేరు బెరడునుంచి దాన్ని విడిగా తీసినారు. అది కూడా పిండిని చక్కెరగా మార్చే ఎంజైములను అడ్డుకుంటుంది. మిగ్లిటాల్ అనే షుగరు మాత్ర దీని పోలికతో తయారైందే. చైనాలో మల్బరీ కొమ్మల సారంతో చేసిన మాత్రకు 2020లో అనుమతి ఇచ్చినారు. దక్షిణ కొరియాలో ఐదో దశ పట్టుపురుగులనే ఎండబెట్టి పొడి చేసి షుగరు వాళ్ళకు అమ్ముతారు.

చక్కెర ఎంజైములను అడ్డుకొనే ఆకు తిని మన పురుగు ఎట్లా పెరుగుతుంది అనే అనుమానం రావాలి. పట్టుపురుగు ఒంట్లో డిఎన్‌జెకు లొంగని వేరే ఎంజైము ఉంది. అందుకే అది మల్బరీ తిని గూడు కడుతుంది. ఆముదం ఆకు తినే ఎరి పురుగుకు మల్బరీ ఆకు పెడితే ఎదగదు, చచ్చిపోతుంది.

అయితే పురుగులకు కోసే తోటనుంచి ఆకు తెచ్చి టీ పెట్టుకోకండి. నుసి, పిండినల్లి, ఆకుచుట్టు పురుగులకు మనం మందులు కొడతాం. మందు కొట్టినాక ఇన్ని రోజులు ఆగాలి అనే లెక్క పురుగు చావకుండా ఉండడానికి పెట్టింది, మనిషి తాగే టీ కోసం పెట్టింది కాదు. కావాలంటే ఇంటి దగ్గర మందు తగలని చోట ఒక మొక్క విడిగా పెంచుకోండి. నేరేడు పొడికి చెప్పిన జాగ్రత్తలు అన్నీ దీనికీ వర్తిస్తాయి. రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. పని చేసింది ఏదో తెలియదు.

మాత్రలు ఎక్కడ దొరుకుతాయి

డబ్బులు లేక మాత్ర మానేవాళ్ళు ఉన్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు పరీక్ష, మామూలు షుగరు మాత్రలు ఉచితం. తమిళనాడులో ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చే "మక్కళై తేడి మరుత్తువం" పథకం 2021లో మన క్రిష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలైంది. కర్ణాటకలో "గృహ ఆరోగ్య" 2024లో కోలారు జిల్లానుంచి మొదలైంది. వేరే రాష్ట్రాలవాళ్ళు మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. పంట వేసే ముందు గుడ్లకు ఎట్లా ముందే చెప్పి పెట్టుకుంటామో, ఆ నెల మాత్రలు కూడా అట్లే చాకీ వచ్చేలోపు తెచ్చి పెట్టుకోండి. ఐదో దశలో ఎవరూ ఊరు దాటి పోలేరు.

గట్టున ఒక చెట్టు

తావు ఉంటే ఈ వానలకే ఒక నేరేడు నాటండి. గింజ మొక్కయితే కాపుకు ఎనిమిది, పదేళ్ళు పడుతుంది. అంటు మొక్కయితే నాలుగైదేళ్ళు. మహారాష్ట్రలో ఉన్నవాళ్ళకు కొంకణ్ బహడోలి అనే మంచి రకం ఉంది. మల్బరీకి నీడ పడకుండా తోటకు ఉత్తరపు గట్టున పెట్టండి. షెడ్‌కు పడమటి వైపు కొంచెం ఎడంగా పెడితే సాయంత్రపు ఎండ ఆగి ఎండాకాలం పంటకు చల్లగా ఉంటుంది. పండ్లు రాలే నెలల్లో కింద ఊడవాలి, లేకపోతే చీమలు చేరి షెడ్ దారి పడతాయి.

పాఠం తరువాత ఐదు ప్రశ్నలు

మీరు జవాబులు చెప్పుకోండి, ఇంట్లో షుగరు ఉన్న పెద్దలను కూడా అడగండి.

1. పోయిన నెల నా పరగడుపు షుగరు ఎంత?

2. నేను వేసుకొనే మాత్ర పేరేమిటి? అది షుగరును పడగొట్టే రకమా?

3. షెడ్‌లో చక్కెర డబ్బా ఉందా?

4. షెడ్ లోపలికి వేరే చెప్పులు ఉన్నాయా?

5. నేరేడు పొడి వాడుతున్న సంగతి మా డాక్టరుకు తెలుసా?

ఐదింటికీ జవాబు ఉన్నవాళ్ళు ఈ సంవత్సరం నిశ్చింతగా గింజలు ఎండబెట్టుకోండి. జవాబు లేనివాళ్ళు మొదట ఆ పని చూసుకోండి, గింజలు ఎక్కడికీ పోవు. మీ షుగరు పుస్తకంలో రెండు నెలల అంకెలు నిండినాక, తగ్గినా తగ్గకపోయినా, గుంపులో చెప్పండి. తగ్గలేదని చెప్పడం కూడా పదిమందికి పాఠమే.